నాలుగో కవరు

పరిశోధనశాల, రెండో అంతస్తు
ఆగస్టు 9

ప్రియమైన అక్కకి,

పని పడితేనే నాకు అక్క గుర్తొస్తుందని బావ అంటుంటాడు కదా, ఈసారి కూడా ఆయన మాటే నెగ్గింది. పని పడింది.

మా పెద్దాయన ఈ ఏడాది ఆఖరుకి దిగిపోతున్నాడు. ఆయన కుర్చీకి ఇద్దరం ఉన్నాం, నేనూ, కింది అంతస్తులో మట్టి పరీక్షలు చేసే ఒకాయనా. ఎవరు కొత్త విషయం కనిపెట్టి సదస్సులో చదివితే కుర్చీ వాళ్ళది. పద్నాలుగేళ్ళుగా ఈ బల్ల దగ్గర నిలబడి ఎవరివో ఆకులు నూరి, ఎవరి సీసాల్లోనో పోసి, వచ్చిన అంకెలు ఎవరి పేరు మీదో రాసిచ్చాను. ఒక్కసారి నా పేరు మీద రాసుకోవాలని ఉంది అక్కా.

మల్బరీకి వచ్చే ఆకుమచ్చ తెగులు తీసుకున్నాను. ఆ మచ్చని నువ్వు పైనుంచి చూస్తావు, నేను లోపల చూస్తాను. బూజు ఆకు మీది సన్నటి రంధ్రాల్లోంచి దూరుతుంది. దూరి, ఆకు ఎండలో నిలబడి వండుకున్న చక్కెరంతా తను తాగుతుంది. పచ్చదనం తగ్గుతుంది. అది తగ్గితే వంటా తగ్గుతుంది. ఆకు మాత్రం ఊరుకుంటుందా, తన మాంసకృత్తుల్నే విరగ్గొట్టుకుని, వగరు పదార్థాలు చేసి బూజు మీదకి వదులుతుంది. అంటే దొంగని తరమడానికి ఇంటి దూలాలు పీకి కర్రలు చేసుకోవడం. ఎంత మచ్చకి ఎంత మార్పో మనం వేసే రకంలో ఇంతవరకు ఎవరూ కొలవలేదు.

నువ్వు చేయాల్సింది ఇది. తోటకి మందు కొట్టడం ఆపెయ్. మచ్చలు రానివ్వు. వచ్చాక నాలుగు రకాల ఆకు కొయ్యి. ఒకటో కవరులో మచ్చే లేనిది, రెండో దాంట్లో అక్కడక్కడ చుక్కలున్నది, మూడో దాంట్లో పావు వంతు మచ్చ, నాలుగో దాంట్లో సగానికి పైన. పచ్చి ఆకు పోస్టులో కుళ్ళిపోతుంది కాబట్టి నీడన ఆరబెట్టి, దంచి, జల్లించి పొడి పంపు. ఫోన్ చేయకు, అది పెద్దాయన గదిలో ఉంది, ఆయన చెవులు బాగా పనిచేస్తాయి.

నీ చెల్లి

తోట ఇల్లు
ఆగస్టు 17

ఒసేయ్ పొట్టీ,

ఉత్తరం అందింది. మీ బావ నా భుజం మీంచి చదివి, మొదటి నాలుగు లైన్ల దగ్గరే ఆగి, గెలిచినవాడిలా మీసం దువ్వుకున్నాడు. రెండు రోజులుగా ఆయనతో వేగలేకపోతున్నాను.

పట్టుపురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి. నువ్వీపాటికి మరిచిపోయే ఉంటావు. మన దగ్గర జ్వరమంటే మీ ఊళ్ళో మాత్ర వేసుకునే జ్వరం కాదు, పురుగు తిండి మాని, తల పైకెత్తి, కదలకుండా పాత చర్మం విడవడం. నాలుగు జ్వరాలు లేస్తేగాని పురుగు గూడు కట్టదు. ఆ పూట షెడ్డులో చీమ చిటుక్కుమనకూడదు. బావకి తుమ్మొస్తే పెరట్లోకి పరిగెత్తాల్సిందే. చెప్పులు గుమ్మం బయటే, కాళ్ళు సున్నపు నీళ్ళలో ముంచాకే లోపలికి. పురుగు గుడ్లిచ్చే కేంద్రం ఇన్‌స్పెక్టరు బూటుకాలితో వస్తుంటే ఆయన్నీ గుమ్మంలో ఆపాను. నవ్వి బూట్లు విప్పాడు పాపం. సాక్సుకి చిల్లు.

నీ కుర్చీ సంగతి బాగుంది. మన ఇంట్లో కుర్చీ ఎక్కేవాళ్ళు ఒకరైనా ఉండాలి. కానీ మందు మానేయమంటేనే భయం. ఎండల్లో ఒక పంట పోయింది కదా, వేడికి పురుగులు తట్టుకోలేదు. ఏడాదిలో రెండు పంటలు పోతే గుడ్ల కేంద్రం రిజిస్టరులో పేరు కొట్టేస్తారు. ఒకసారి కొట్టేస్తే మళ్ళీ రాయరు. వాళ్ళు గుడ్లివ్వకపోతే ఇంత తోట పెట్టుకుని నేనేం చేయాలి? ఈ పని తప్ప నాకు చేతనైంది ఇంకోటి లేదు, నేర్చుకునే వయసూ దాటింది. అందుకని పల్లంలో నాలుగు వరసలకి మాత్రం మందు మానేస్తాను. వాటి ఆకు పురుగులకి వేయను, నీకే పంపుతాను. సరేనా?

నీ అక్క

పరిశోధనశాల
ఆగస్టు 26

ప్రియమైన అక్కకి,

సరే కాదు. నాలుగు వరసలు నాకెందుకూ పనికిరావు. పక్క వరసల మందు గాలికి వచ్చి వీటి మీద పడుతుంది, నా అంకెలన్నీ తప్పుతాయి. తోట మొత్తానికి ఆపితేనే ఆకు పనికొస్తుంది.

నీ భయం ఏమిటో నాకు తెలీదా? నేనూ ఆ షెడ్డులో సున్నపు నీళ్ళు తొక్కినదాన్నే. కానీ ఒక్కటి ఆలోచించు. కవరు రాగానే పరీక్ష చేసేది నేను. ఆకులో మాంసకృత్తులు తగ్గితే, పురుగుకి ప్రమాదం ఉంటే, లోకంలో అందరికంటే ముందు తెలిసేది నాకు. ఆ తరువాత నీకు. అదే రోజు ఉత్తరం వేస్తాను, నువ్వు అదే రోజు మందు కొట్టుకో. నా మాట మీద నమ్మకం లేకపోతే చెప్పు, పక్క తోటవాళ్ళని అడుగుతాను. అక్క ఉండగా పరాయివాళ్ళ గుమ్మం ఎక్కిందనిపించుకోవడం నాకిష్టం లేదు.

చెల్లి

తోట ఇల్లు
సెప్టెంబరు 20

పొట్టీ,

గెలిచావులే. తోట మొత్తానికి మందు ఆపేసి మూడు వారాలైంది. మొన్నటి పంట బాగా వచ్చింది, గూళ్ళు గట్టిగా ఉన్నాయి, చెవి దగ్గర ఆడిస్తే గలగలమంటున్నాయి. అది పాత మందు పుణ్యమే అనుకో. కొమ్మలు కత్తిరించాం, కొత్త చిగురు వేసింది, వానలు కూడా వదలడం లేదు. మచ్చలు నీకు కావాల్సినన్ని వచ్చేశాయి. రోజూ వరసల మధ్య నడుస్తుంటే, తెలిసి తెలిసి పిల్లకి జలుబు చేయనిచ్చినట్టుంది.

ఈ కట్టలో నాలుగు కవర్లున్నాయి. అంకెలు బావ వేశాడు, ఆయన దస్తూరీ అంటే పోస్టువాళ్ళకే భయం, అందుకే పైన మళ్ళీ నేను రాశాను. ఒక్కో ఆకూ చేత్తో ఏరాను. రెండుసార్లు జల్లించాను. మీ ఆఫీసులో నలుగురూ చూసేది కదా, అక్క పంపిందంటే నీకు చిన్నతనం కాకూడదు. బాగుందో లేదో రాయి.

అక్క

పరిశోధనశాల
అక్టోబరు 6

నా బంగారు అక్కకి,

బాగుందా అని అడుగుతున్నావా? పొడి చూసి పెద్దాయన ముఖానికి రాసుకోవచ్చన్నాడు. నాలుగో కవరు కూడా ఎంత పచ్చగా ఉందో.

ఇక విను. చక్కెరలు చూశాను, మాంసకృత్తులు చూశాను, వగరు చూశాను. ఒకటో కవరుకీ నాలుగో కవరుకీ తేడా లేదు! సగానికి పైన మచ్చ పడ్డ ఆకు కూడా లోపల ఆరోగ్యంగానే ఉంది. మన రకం ఈ తెగులుని తట్టుకుంటుందన్నమాట. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ రాయలేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మట్టాయన రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

కాబట్టి నీకు దిగులక్కర్లేదు. మచ్చలున్నా ఆకు పెట్టుకో. ఇంకో రెండు విడతలు కావాలి. ఇప్పుడెలా పంపావో అలాగే పంపు, ఏమీ మార్చకు.

నీ చెల్లి

తోట ఇల్లు
అక్టోబరు 27

పొట్టీ,

రెండో విడత కవర్లు నాలుగు రోజుల కింద వేశాను, అందే ఉంటాయి. మూడోది ఇందులో ఉంది.

కొత్త పురుగులు నాలుగో జ్వరం లేచాయి. ఇప్పటిదాకా కొమ్మ చివరి లేతాకే పెట్టాను, దానికి మచ్చల్లేవు. ఇక మీద ముదురాకు పెట్టాలి, అదేమో మచ్చ మీద మచ్చ. నిన్న పెట్టాను. ఎప్పుడూ ఈ వయసులో షెడ్డు బయట నిలబడ్డా నమిలే చప్పుడు వినపడుతుంది. నిన్న లోపలికి వెళ్ళి తట్ట మీద చెవి పెడితేగాని వినపడలేదు. ఆకు అంచు కొరికి, పక్కకి జరిగి, ఇంకో ఆకు అంచు కొరుకుతున్నాయి. వగరు అని రాశావే మొదట్లో, అదేనేమో అని బావ ఒక ఆకు నమిలి చూశాడు. ముఖం అష్టవంకర్లు తిప్పి ఉమ్మేశాడు.

నాకేం తోచడం లేదే. నీ పరీక్షలు ఏమంటున్నాయి? ఇంకా మూడు నాలుగు రోజుల దాకా వేళ మించిపోదు. అవతలి ఒడ్డున మందు కొట్టిన తోట ఒకటుంది, అడిగితే ఆకు ఇస్తారు. నువ్వు ఊఁ అంటే తెచ్చుకుంటాను. వెంటనే రాయి.

అక్క

పరిశోధనశాల
నవంబరు 1

అక్కకి,

తొందరలో రాస్తున్నాను. నిన్న సదస్సులో పత్రం చదివాను. చివర చప్పట్లు కొట్టారు, ఎవరో పొడుగాటాయన లేచి నిలబడి కొట్టాడు. సాయంత్రానికే కరపత్రం అచ్చువేయాలని నిర్ణయించారు, మీ వైపు గుడ్ల కేంద్రం ద్వారా ప్రతి ఇంటికీ పంచుతారు. దాని నమూనా ఒకటి ఇందులో పెట్టాను. పైన నా పేరుంది చూడు. 'పావు వంతు నుంచి సగం వరకు మచ్చలున్న ఆకును నిస్సంకోచంగా వాడవచ్చు.' నిస్సంకోచంగా అన్న మాట నాదే.

పురుగులు ఒక పూట అటూ ఇటూగా తినడం మామూలే. పరాయి తోట నుంచి ఆకు తేవద్దు. కరపత్రం రాసినామె అక్కే పక్క తోట ఆకు తెచ్చుకుంటోందని తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

చెల్లి

తోట ఇల్లు
నవంబరు 11

చెల్లీ,

పోయాయి. మొత్తం పోయాయి.

గూడు కట్టే వేళకి పురుగు ఒళ్ళు పసిమి తేలి మెరవాలి. వీటి ఒళ్ళు ముడతలు పడింది. అయినా ఎక్కించాం, చంద్రికల మీద, నీకు గుర్తుందిగా, గూళ్ళు కట్టుకోవడానికి ఎక్కించే వెదురు తడికెలు. కొన్ని ఎక్కలేక కిందే పడ్డాయి. ఎక్కినవి తల అటూ ఇటూ తిప్పి, తిప్పి, రెండు పోగులు తీసి ఆగిపోయాయి. తీయాలని వాటికుంది, లోపల సరుకు లేదు. మూడు రోజులు అలా తల తిప్పుతూనే ఉన్నాయి. నేను చూడలేక బయటికి వచ్చేశాను. ఉన్న నాలుగు గూళ్ళూ నొక్కితే కాగితంలా లోపలికి పోతున్నాయి. బావ గొయ్యి తవ్వి సున్నం వేసి అన్నీ పూడ్చాడు.

ఇప్పుడు నీకొకటి చెప్పాలి. నాలుగు రోజులుగా మింగలేక కక్కలేక ఉన్నాను. నీ కవర్లలో నేను మచ్చ పంపలేదు.

అబద్ధమాడాలని కాదే. నువ్వు చెప్పినట్టే సగం మచ్చ ఉన్న ఆకులే కోశాను. కోసి ముందర పెట్టుకుంటే చేతులాడలేదు. ఇంత పాడు ఆకు పంపితే, ఎవరి తోట ఇది, మీ అక్కదా అని నిన్నంటారు. వంకాయలో పుచ్చుంటే ఏం చేస్తాం, పుచ్చు తీసి పారేసి మిగతాది కూర వండుతాం. అలాగే కత్తెర పెట్టి మచ్చమటుకు కత్తిరించేశాను. మిగిలింది నీ కవరుకి చాలలేదు. బావి గట్టున ఎప్పుడూ మచ్చ పట్టని చెట్లు నాలుగున్నాయి, వాటి ఆకు కలిపి నింపాను. మూడు విడతలూ అంతే. మంచి ఆకు పంపితే మంచి మార్కులొస్తాయనుకున్నాను. నీకు కావాల్సింది ఆ మచ్చేనని నా బుర్రకి తట్టలేదు. తప్పు నాది. పూర్తిగా నాది.

ఇన్‌స్పెక్టరు ఈ వారంలో వస్తాడు. నువ్వు రెండు పనులు చెయ్యి. ఆ కరపత్రం తప్పని చెప్పి ఆపించు, ఈ చుట్టుపక్కల పదకొండు ఇళ్ళకి పంచేశారు. నా పేరు చెప్పు, మా అక్క మూర్ఖురాలు, ఆకు కత్తిరించి పంపిందని చెప్పు, నాకేం నామోషీ లేదు. రెండోది, నీ పరీక్ష నమ్మి మచ్చల ఆకు పెట్టడం వల్లే పంట పోయిందని ఇన్‌స్పెక్టరుకి ఒక ముక్క రాయి. అలా రాస్తే ఈ పంట లెక్కలోకి తీసుకోరు, పేరు నిలుస్తుంది. ఆయన మంచివాడే, నీ మాట వింటాడు.

అక్క

పరిశోధనశాల
నవంబరు 19

అక్కా,

నీ ఉత్తరం చించేశాను. నువ్వు ఇది చదివి కాల్చెయ్.

నాలుగో కవరు మొదటిసారి విప్పినప్పుడే నాకు తెలిసింది. సగం మచ్చ పడ్డ ఆకు దంచితే పొడి మట్టిరంగులో ఉంటుంది, పచ్చగా ఉండదు. కత్తెర అని తెలీదు, ఏదో చేశావని తెలుసు. మా ప్రహరీ పక్కన మందు అందని మల్బరీ చెట్టొకటుంది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు దాని మచ్చల ఆకు కోసుకొచ్చి నేనే పరీక్ష చేశాను. మాంసకృత్తులు మూడో వంతు పోయాయి. చక్కెర సగం. వగరు రెండింతలకు పైన. పట్టంటే ఏమిటి, ఒట్టి మాంసకృత్తులే కదా. ఆ ఆకు తిన్న పురుగు తల తిప్పుతుంది గానీ పోగు తీయలేదు. నువ్వు చూసి రాశావు, నేను చూడకుండానే చెప్పగలిగేదాన్ని. ఆ అంకెలున్న కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేశాను. అది అక్టోబరు 3. నీకు బంగారు అక్కా అని రాసింది ఆరో తారీఖున.

ఎందుకని అడుగుతావు. నిజమైన అంకెలు పాత అంకెలే, వేరే రకాల మీద పదిమంది ఎప్పుడో రాశారు. వాటికి చప్పట్లు కొట్టరు. నీ కవర్లకి కొట్టారు.

ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు, రాతపూర్వకంగా. షెడ్డు అపరిశుభ్రత వల్ల పురుగులకి జబ్బు సోకింది, ఆకుకి సంబంధం లేదు అని రాసిచ్చాను. ఆ మాట నీకు ఎంత తగులుతుందో తెలుసు, ఇంకేం రాసినా కరపత్రం మీదకి వస్తుంది. నీ పేరు పోతుంది. నీకైతే బావ ఉన్నాడు, ఇల్లుంది. నాకు ఈ బల్ల తప్ప ఏముంది?

ఇక్కడ గాజుసామాను కడిగేవాళ్ళ పని ఒకటి ఖాళీ అయింది. కూర్చుని చేసుకోవచ్చు. కావాలంటే చెప్పు, కుర్చీ రాగానే నీకే ఇప్పిస్తాను. నీకు శుభ్రం ఎక్కువ కదా.

చెల్లి

తోట ఇల్లు
డిసెంబరు 2

చెల్లీ,

పేరు కొట్టేశారు. ఇన్‌స్పెక్టరు రిజిస్టరు తెచ్చి నా ఎదురుగానే ఎర్రసిరాతో గీత గీశాడు. కారణం అనే గళ్ళో 'మురికి' అని రాసి ఉంది. ఆయనకే సిగ్గేసినట్టుంది, గుమ్మంలో బూట్లు విప్పి మరీ వచ్చాడు. ఆయన వెళ్ళాక బావ సున్నం డబ్బా తెచ్చి ఖాళీ షెడ్డు గోడలకి మళ్ళీ వేయడం మొదలుపెట్టాడు. వద్దన్నా వినలేదు. మూడు రోజులుగా వేస్తూనే ఉన్నాడు.

కంచే చేను మేసిందంటారు. నువ్వు మేసి, మిగిలింది తొక్కి, ఆ పైన అంట్లు తోమడానికి రమ్మన్నావు. అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్ళు. జడ వేసింది నేను. వేసినందుకు ఇప్పుడు చెయ్యి నరుక్కోవాలనుంది.

సరే, నా సంగతి వదిలెయ్. ఇది శ్రద్ధగా చదువు. చుట్టుపక్కల పదకొండు ఇళ్ళలో పురుగులున్నాయి. కరపత్రం వచ్చాక ఎవరూ మందు కొట్టలేదు, నిస్సంకోచంగా. అన్ని తోటలూ మచ్చలే. నిన్న పక్క తోటామె ఆ కాగితం పట్టుకుని వచ్చింది, వెనక ఇంకో ముగ్గురు. మీ చెల్లెలు రాసిందే కదా, నీకు తెలీకుండా ఉంటుందా, పెట్టమంటావా వద్దంటావా అని అడిగారు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను.

కానీ చెప్పలేదు. "మా చెల్లి చదువుకున్నది. రాసిందంటే రాసినట్టే. పెట్టుకోండి" అన్నాను. నాకిక పనికిరావు కదా అని నా చంద్రికలు కూడా నాలుగు ఇళ్ళకీ పంచి పంపించాను.

ఎందుకన్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఒక్క షెడ్డు మురికి అని రాయగలవు. పన్నెండు షెడ్లూ మురికేనా అని ఎవరైనా అడుగుతారు. అప్పుడు నీ సొరుగు తాళం వాళ్ళే పగలగొడతారు.

కానీ నేను నీ అంత దాన్ని కాదు. అన్న క్షణం నుంచి అన్నం సయించడం లేదు. వాళ్ళ పురుగులు నాలుగో జ్వరం లేచేది పదకొండో తేదీన. అప్పటిదాకా లేతాకే కాబట్టి నష్టం లేదు. ఈలోగా కరపత్రం తప్పు, మా అక్క షెడ్డు శుభ్రమైనదే అని నీ చేత్తో రెండు ముక్కలు రాసి పంపు. నేనే ఇంటింటికీ తిరిగి చూపిస్తాను. మందు కొట్టిన తోట నుంచి అందరికీ ఆకు తెప్పిస్తాను. పంపకపోతే ఆ పదకొండు ఇళ్ళ ఉసురూ మనిద్దరికీ సగం సగం. నువ్వు రాసిన ఉత్తరం నేను కాల్చలేదని కూడా గుర్తు పెట్టుకో.

రోజూ పోస్టు వేళకి గేటు దగ్గర ఉంటాను.

అక్క

డిసెంబరు 13

అక్కా,

నీ ఉత్తరం నాలుగో తేదీనే అందింది. జవాబు ఇవాళ రాస్తున్నాను. ఆలస్యం కావాలనే చేశాను. ఇది నీ చేతికి వచ్చేసరికి వాళ్ళ పురుగులు నాలుగైదు రోజులుగా ముదురాకు తింటూ ఉంటాయి. ఇప్పుడు వద్దని చెప్తే, మరి ఆ రోజు ఎందుకు పెట్టమన్నావని అడుగుతారు. చెప్పుకోగలిగితే చెప్పుకో.

నా ఉత్తరం చూపిస్తానన్నావు. చూపించు. దాని మీద నవంబరు 19 అని తేదీ ఉంది. ఆ ఆకు తింటే పురుగు చస్తుందని నీకు ఆ రోజునుంచీ తెలుసని అదే సాక్ష్యం. తెలిసీ, డిసెంబరులో నలుగురు ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి అడిగితే పెట్టుకోండి అన్నావు. నీ కత్తెర సంగతీ అందులోనే ఉంది. నేను కుర్చీ పోగొట్టుకుంటాను, నిజమే. వాళ్ళు నాకు దూరంగా ఉన్నారు. నీకు కంచె అవతలే ఉన్నారు. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా ఒకటే అని నువ్వే అనేదానివి.

పన్నెండు షెడ్లూ మురికేనా అని అడుగుతారన్నావు. అడగరు. మురికి షెడ్డులో వాడిన చంద్రికలు చుట్టుపక్కల ఇళ్ళకి పంచారనీ, జబ్బు వాటితోనే పాకిందనీ, మిగతావాళ్ళు జాగ్రత్తపడాలనీ ఇన్‌స్పెక్టరుకి నిన్ననే రాసి పంపాను. నువ్వు చెప్పకపోతే చంద్రికల సంగతి నాకు తెలిసేదే కాదు. ఆయన ఈ వారం ఊరంతా తిరిగి అందరికీ చదివి వినిపిస్తాడు.

కుర్చీ నాకిచ్చారు. సోమవారం నుంచి గది మారుతున్నాను, ఇక ఈ చిరునామాకి రాయకు.

ఆ ఇళ్ళవాళ్ళు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు బావని మాట్లాడనివ్వకు. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు.